ఏరేసిన గింజలు

"వద్దంటోంది కదా, బలవంతంగా పోయకండి అత్తయ్యా" అని కోడలు మళ్ళీ అంది.

అత్తగారు వినిపించుకోలేదు. మనవరాలి గడ్డం కింద తువ్వాలు దోపి, పాలని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఒంపి చల్లారుస్తూనే ఉంది. ఈ తగవు నిన్న భోజనాల దగ్గర మొదలైంది. పొద్దున్న లేవగానే ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే అందుకున్నారు. పిల్లకి ఇంటి ఆవు పాలు పడడం లేదు, కొన్నాళ్ళు మానిపించి ప్యాకెట్ పాలు పోసి చూద్దామని కోడలు. కళ్ళముందు పితికిన పాలు పడని పిల్లకి, ఎక్కడో ఎవరో ఎప్పుడో పితికినవి ఎలా పడతాయని అత్తగారు.

"పాల గ్లాసుకి పంచాయితీ పెట్టారు. తీర్పు వచ్చేలోపు తోడుకుంటాయి" అన్నాడు మామగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయన నవ్వు ఆయనకే మిగిలింది. కొడుకు వీధిలో వ్యాను అద్దం తుడుస్తున్నాడు. అమ్మకీ భార్యకీ మాట పెరిగినప్పుడల్లా అతనికి ఆ అద్దం మీద ఏదో ఒక మరక కనిపిస్తుంది.

చివరికి పిల్ల రెండు గుక్కలు తాగి, మూతి తిప్పేసుకుంది. కోడలు చేతిసంచీ భుజానికి తగిలించుకుని, పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టి, తను పనిచేసే కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి గ్లాసు వైపు ఒకసారి చూసింది. ఆ చూపు అత్తగారికి రోజంతా గుచ్చుకోవడానికి సరిపోయింది.

పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. మూడేళ్ళు నిండినా రెండేళ్ళ పిల్ల గౌను వదులవుతుంది. పుట్టినప్పుడు బొద్దుగానే ఉండేది. తల్లిపాలు మాని ఇంటి తిండికి అలవాటు పడినప్పటినుంచీ ఒళ్ళు చెయ్యలేదు. ఒక వారం బాగుంటే ఇంకో వారం కడుపు జారుతుంది. పొట్ట ముందుకి, చేతులు పుల్లల్లా. పిల్లల డాక్టరు మందులు మార్చి మార్చి ఇచ్చాడు. పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా తగ్గిపోయిందని, నీళ్ళలో కలిపి పట్టే పొడి పొట్లాలు రాసిచ్చాడు. అవి వాడుతున్నన్నాళ్ళూ పిల్ల తేరుకునేది, ఆపగానే మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంత తిండి ఉన్న ఇంట్లో పిల్ల కడుపులో ఏదో తక్కువైందంటే అత్తగారి మనసు ఒప్పుకోలేదు. తక్కువైంది బలం, బలానికి తిండే మందు అని ఆవిడ తేల్చుకుంది.

వాళ్ళది వేరుశనగ గింజలు వేయించే ఇల్లు. వీధివైపు గదిలో గుండ్రటి పీపా లాంటి పొయ్యి తిరుగుతూ ఉంటుంది. దాని వెనక గదిలో ట్యూబులైటు కింద పొడుగాటి తెల్ల బల్ల. ఆ బల్ల మీద గింజలు పరిచి, అత్తగారూ ఇద్దరు పనివాళ్ళూ చెడ్డవాటిని చేత్తో ఏరతారు. ముడుచుకున్నవి, రంగు మారినవి, పచ్చటి దుమ్ములాంటిది పట్టినవి కింద బకెట్లోకి పోతాయి. మంచివి వేయించి, పొట్లాలు కట్టి, వ్యానులో దుకాణాలకి పంపుతారు. ఆ ఏరుడు దగ్గర మామగారు ఎవరి మాటా వినడు. మన పొట్లం విప్పినవాడి నోటికి ఒక్క చేదు గింజ తగలకూడదు అనేది ఆయన పట్టు. మంచిది బయటికి, మిగిలింది మనకి. కొడుకు పెళ్ళిచూపుల్లో కూడా ఆయన ఈ మాట గర్వంగా చెప్పుకున్నాడు.

మిగిలింది కూడా వృథా పోయేది కాదు. బకెట్లోవి తవుడుతో కలిపి ఉడకబెట్టి పెరట్లో ఆవుకి పెట్టేవాళ్ళు. అంతకుముందు అత్తగారు బకెట్లో చెయ్యి పెట్టి ఇంకోసారి ఏరేది. విరిగినవి, చిన్న మచ్చ ఉన్నవి తీసుకుని, ఎర్రగా, దాదాపు నల్లబడేదాకా వేయించి, పంచదార వేసి పొడి కొట్టి సీసాలో పోసేది. కోడలు పనికి వెళ్ళాక పిచ్చుక జావలో రెండు చెంచాలు కలిపేది. పిల్లకి అడక్కుండా కొత్తవి ఏమీ పెట్టొద్దని కోడలు ఒకసారి అనడంతో ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పలేదు. దాచాలనీ అనుకోలేదు. వంటింట్లో చేసే ప్రతి పనీ చాటింపు వేస్తామా ఏమిటి అనుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళినప్పుడు ఆవు తొట్టి నిండుగానే ఉంది. పొద్దున్న పెట్టిన దాణా పెట్టినట్టే ఉంది. ఆవు తల వేలాడేసి నిలబడింది, దవడ కదలడం లేదు. ఈ మధ్య పాలు తగ్గుతున్న సంగతి తెలుసు, నెమరు వెయ్యడమే మానేసిందని ఇప్పుడే గమనించింది. మామగారు పశువుల డాక్టరుకి ఫోను చేశాడు.

డాక్టరమ్మ పొడుగాటి రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. చిన్న వయసే గానీ మొహమాటం లేని మనిషి. ఆవు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. లోపల కడుపు కదిలితే పిడికిలికి తెలియాలట. తర్వాత తొట్టిలో దాణా తీసి వాసన చూసింది. పక్కనే ఉన్న ఏరుడు బకెట్లోంచి ఒక గింజ తీసుకుని గోటితో రెండుగా చీల్చింది. బద్దల మధ్య నుంచి బూడిదరంగు నూగు పొగలా లేచింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నారు?" అంది.

ఎప్పుడూ పెడుతూనే ఉన్నామని, ఈ ఏడు సరుకు కాస్త చెమ్మగా రావడంతో ఏరేసినవి ఎక్కువయ్యాయని మామగారు చెప్పాడు. పారేస్తే పాపం కదా అని కూడా అన్నాడు.

డాక్టరమ్మ తొట్టి అంచు మీద కూర్చుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "ఆవు తిన్నదాన్ని ఆవొక్కతే అరిగించుకోలేదండీ. దాని కడుపులో కంటికి కనబడని జీవాలు కోట్లకి కోట్లు కాపురం ఉంటాయి. మీరు గడ్డి పెట్టేది ముందు వాటికి. అవి తిని, పులియబెట్టి ఇస్తేనే ఆవు బతికేది. ఈ బూజు కక్కే విషం వాటి కాపురాన్ని కూలుస్తుంది. కూలింది కాబట్టే నెమరు లేదు." ఒక్క క్షణం ఆగి, "పాలు ఎవరు తాగుతున్నారు?" అని అడిగింది.

పాలు ఇంట్లోకేనని, పక్కింటి కుట్టుపని ఆవిడ తన కవలపిల్లలకి ఒక చెంబు తీసుకెళ్తుందని అత్తగారు చెప్పింది. మా మనవరాలు తాగుతుంది అనే మాట అన్నిటికన్నా చివర వచ్చింది.

డాక్టరమ్మ తొట్టి అంచు మీంచి లేచింది. విషంలో కొంత ఆవు ఒంట్లో రూపం మార్చుకుని పాలలోకి దిగుతుందని, కాచినా పోదని, ఈ పాలు ఈ క్షణం నుంచి ఎవరికీ పొయ్యొద్దని చెప్పింది. మామగారు ఏదో అనబోయాడు. ఆలోపే అత్తగారు నోరు విప్పింది.

"కాచితే పోదు సరే. ఎర్రగా వేయిస్తే పోతుంది కదమ్మా? నల్లబడేదాకా వేయిస్తే?"

వేయించేవాళ్ళ ఇంట్లో పుట్టి, వేయించేవాళ్ళ ఇంట్లో మెట్టిన మనిషి ఆవిడ. పురుగు, చెమ్మ, ముక్కిన వాసన, ఏదైనా సరే పొయ్యిలో పడితే శుభ్రమైనట్టే. ఆ నమ్మకం మీదే ఆ ఇల్లు నడిచింది.

"బూజు చస్తుందండీ. అది కక్కిన విషం చావదు. కొంత తగ్గుతుందేమో గానీ, చాలావరకూ గింజలోనే ఉండిపోతుంది. ఎందుకడిగారు?"

అత్తగారు తన చేతులవైపు చూసుకుంది. గోళ్ళ సందుల్లో పొద్దున్న కొట్టిన పొడి ఇంకా ఎర్రగా అంటుకుని ఉంది. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంచి, వంటింట్లోకి వెళ్ళింది.

సీసా అలమారలో ఎప్పుడూ ఉండేచోటే ఉంది. చెంచా అందులోనే ఉంది. రెండు చెంచాలు. కడుపు జారిన రోజున నీరసంగా ఉందని మూడు. మూత తీసి వాసన చూసింది. కమ్మటి వాసన, రోజూ వచ్చేదే. చెడ్డ వాసన వస్తే బాగుండుననిపించింది. గట్టు పట్టుకుని నిలబడింది.

మామగారు వెనకాలే వచ్చాడు. సీసా చూడగానే ఆయనకీ అర్థమైంది. మొహం పాలిపోయినా మాట మాత్రం తొణక్కుండా వచ్చింది. ఆ పొడి చెత్తలో పోసేసి ఊరుకోమన్నాడు. పాల సంగతి ఎలాగూ డాక్టరమ్మ చెప్పింది, కోడలికి అదే చెబుదాం, నెపం ఆవు మీద పోతుంది, ఇల్లు ఇల్లుగా ఉంటుంది అన్నాడు. పొడి సంగతి తెలిస్తే ఆ అమ్మాయి జన్మలో నీ చేతి ముద్ద పిల్లకి పెట్టనివ్వదు, ఆలోచించుకో అన్నాడు.

ఆవిడ నిజంగానే ఆలోచించింది. చెత్తబుట్ట మూత తీసింది కూడా. బయట డాక్టరమ్మ స్కూటరు చప్పుడైంది. అప్పుడు సీసా చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో గేటు దాకా వెళ్ళింది.

"అమ్మా, ఆ దాణాతో పాటు ఇది కూడా పరీక్షకి పంపుతారా? ఇది పిల్ల తింటోంది."

డాక్టరమ్మ హెల్మెట్ తీసి ఆవిడ వైపు చూసింది. సీసా తీసుకుంది. పిల్లని ఆసుపత్రికి రేపే తీసుకెళ్ళండి, ఇదంతా అక్కడి డాక్టరుకి చెప్పండి, ఏదీ దాచొద్దు అని మాత్రం అంది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి అత్తగారు వీధి గుమ్మంలోనే కూర్చుని ఉంది. కాళ్ళయినా కడుక్కోనివ్వలేదు. ముందు పాల సంగతి చెప్పింది. కోడలు కళ్ళలో, నేను చెప్పలేదా అన్న మెరుపు ఒకటి కదిలింది. అది మాటగా మారకముందే పొడి సంగతి కూడా చెప్పేసింది. ఏ గింజలతో కొట్టిందో, ఎప్పుడు కలిపేదో, ఏదీ వదల్లేదు.

"రోజూనా?" అంది కోడలు.

"రోజూ."

అరుస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. సంచీ భుజం మీద నుంచి జారి కిందపడితే కోడలు దాన్ని తియ్యలేదు. లోపలికి వెళ్ళి నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని, గోడకి ఆనుకుని కూలబడింది. పిల్ల పొట్ట మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. కొడుకు వచ్చి ఏమైందని అడిగితే చెప్పాల్సింది అత్తగారే. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. కొడుకు విన్నాడు. "ఏం చేశావమ్మా" అన్నాడు. అంతే. ఆ రోజు అద్దం తుడవడానికి కూడా వ్యాను దగ్గరికి వెళ్ళలేదు.

మర్నాడు పిల్లని తీసుకుని నలుగురూ ఆసుపత్రికి వెళ్ళారు. కోడలు అత్తగారిని వద్దనలేదు, రమ్మననూ లేదు. పిల్లల డాక్టరు అంతా విని పెన్ను బల్ల మీద పెట్టేశాడు. రక్తం తీయించాడు, పొట్ట నొక్కి చూశాడు. ఇదే కారణమని ఇప్పుడే ఒట్టేసి చెప్పలేనన్నాడు. కానీ ఇన్నాళ్ళూ తనకి అంతుపట్టనిది ఇప్పుడు కొంచెం పడుతోందన్నాడు. బూజు విషాలు పేగుల్లో మంచి బ్యాక్టీరియాని తగ్గిస్తాయి, చెడ్డవాటికి చోటిస్తాయి, పేగు లోపలి పొరని పల్చబరుస్తాయి. అప్పుడు పిల్ల ఎంత తిన్నా ఒంటికి అందదు.

"నేను పొట్లాలిచ్చి నారు పోశాను, మీరు ఇంట్లో దాని మీద కలుపుమందు కొట్టారు" అన్నాడు. అని, అత్తగారి ముఖం చూసి ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నట్టున్నాడు. "ముందు ఆపండి. పిల్ల చిన్నది, కోలుకునే వయసు. కాలేయం సంగతి రక్తంలో తెలుస్తుంది. కొన్ని నెలలు ఓపిక పట్టాలి" అన్నాడు.

వాళ్ళు లేస్తుంటే, "మరి అమ్మేవి పరీక్ష చేయిస్తారా?" అని అడిగాడు. అవన్నీ చేత్తో ఏరినవండీ, ఒక్క పుచ్చు గింజ ఉండదు అని మామగారు గబగబా చెప్పాడు. డాక్టరు తలాడించి ఊరుకున్నాడు.

రక్తపరీక్షలో కాలేయం కొంచెం దెబ్బతిన్నట్టు వచ్చింది. కోడలు సెలవు పెట్టింది. పిల్ల వంట తనే చేస్తోంది. అత్తగారు వంటింట్లోకి వస్తే పక్కకి జరిగి చోటిస్తోంది, మాట మాత్రం లేదు. పిచ్చుకకి ఇవేం తెలుసు, నానమ్మా జావ అని గిన్నె పట్టుకుని వెంట తిరుగుతోంది. మీ అమ్మని అడుగమ్మా అని చెప్పి ఆవిడ మొహం తిప్పుకుంటోంది. ఆవుకి దాణా మార్చారు. పాలు పితికి మురిక్కాలవలో పోస్తున్నారు. పక్కింటావిడ చెంబుతో వస్తే, ఆవుకి ఒంట్లో బాగాలేదని మామగారే చెప్పి పంపేశాడు. అది అబద్ధం కాదు. కానీ అది విన్న అత్తగారికి ఆ పూట ముద్ద దిగలేదు.

పరీక్ష ఫలితం డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. దాణాలో విషం చాలా ఉంది. పొడిలో కూడా ఉంది, పిల్లల తిండిలో ఉండనిచ్చే హద్దుకి ఎన్నో రెట్లు. అత్తగారు ఫోను చెవికి ఆనించుకుని, సరేనమ్మా, సరేనమ్మా అంటూనే ఉంది. అవతల ఫోను పెట్టేశాక కూడా అంది.

తర్వాత ఏరుడు గదిలోకి వెళ్ళింది. మధ్యాహ్నం, పనివాళ్ళు అన్నాలకి వెళ్ళారు. పొయ్యి ఆగి ఉంది. తెల్ల బల్ల మీద ఏరడం అయిపోయిన రాశి, తళతళలాడుతూ, ఒక్కో గింజా ముత్యంలా ఉంది. ఆవిడ ఏరినదే. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మాట అప్పటినుంచీ చెవిలోనే ఉంది. డాక్టరమ్మ చేసినట్టు ఒక గింజని గోటితో చీల్చింది. లోపల తెల్లగా ఉంది. ఇంకొకటి, తెల్లగానే ఉంది. ఊపిరి వదిలింది. చీలుస్తూ పోయింది. చాలా గింజలు బాగానే ఉన్నాయి. కొత్త బస్తాలోంచి పోసి ఏరినవాటిలో ఒకటి చీల్చగానే బద్దల మధ్య సన్నటి బూడిద నూగు కనిపించింది. పైన పొట్టు చెక్కు చెదరలేదు. రంగు మారలేదు. కంటికి ఏమీ తెలియనివ్వలేదు.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. గోడవారగా కట్టిన పొట్లాల అట్టపెట్టెలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి, పొద్దున్నే వ్యానులో ఎక్కించడానికి. వాటిలోవి బడి దగ్గర కొట్లకి కూడా వెళ్తాయి. ఇన్నాళ్ళూ చెడ్డది మనమే తింటున్నాం, మంచిది బయటికి ఇస్తున్నాం అనుకుంటూ వచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకునే, పిల్ల కడుపులో పోసినదానికి కూడా లోపల ఎక్కడో సర్దిచెప్పుకుంటోంది. ఇప్పుడు ఆ మాట కూడా చేతిలో చీలిన గింజలా ఉంది.

మామగారు వచ్చి, భార్య చేతిలోది చూశాడు. రాశికి ఒకటీ అరా ఎక్కడైనా ఉంటాయి, ప్రపంచంలో ఏ గింజైనా అంతే అన్నాడు. అంటున్నప్పుడు గొంతులో ఎప్పుడూ ఉండే బిగువు లేదు. ఆవిడ వాదించలేదు. ఆ గింజని చిన్న కాగితంలో చుట్టి జేబులో పెట్టుకోమని ఆయనకే ఇచ్చింది.

ఆ సాయంత్రం అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. కోడలు పిల్లని ఒళ్ళో పెట్టుకుని తినిపిస్తోంది. పిచ్చుక రెండు ముద్దలకి ఒకసారి బల్ల మీద తాళం వేస్తోంది. రక్తం తీసిన చోట అంటించిన పట్టీ ఇంకా పీకించుకోకుండా అందరికీ చూపిస్తోంది. కొడుకు రేపు ఏ వీధి ముందు, ఏ వీధి తర్వాత అని తండ్రిని అడిగాడు. మామగారు భార్య వైపు చూశాడు. ఆ ఇంట్లో పొయ్యి సంగతి ఎప్పుడూ ఆయనే చెబుతాడు. కొడుకు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

అత్తగారు అందరికీ వడ్డించడం పూర్తిచేసి, గరిటె పక్కన పెట్టి కూర్చుంది.

"రేపు పొయ్యి వెలిగించడం లేదు" అంది. గొంతు పెంచలేదు. "పేర్చిన పెట్టెల్లోంచి, బస్తాల్లోంచి గింజలు తీసి పరీక్షకి పంపుతున్నాం. బాగున్నాయని వాళ్ళు చెప్పేదాకా ఒక్క పొట్లం బయటికి పోదు. నాన్నా, పొద్దున్నే నువ్వు వ్యాను తీసుకుని కొట్లకి వెళ్ళు, ఇవ్వడానికి కాదు, ఈ నెల ఇచ్చినవన్నీ వెనక్కి తేవడానికి. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కోడలు చేతిలో ముద్ద ఆగింది. పిల్ల దానికోసం నోరు తెరిచి చూస్తోంది.

"పక్కింటికి పొద్దున నేను వెళ్తాను. పాలల్లో ఏముందో నేనే చెబుతాను. ఆ పిల్లల్ని డాక్టరుకి చూపించమంటాను." ఆవిడ నీళ్ళగ్లాసు అందుకుంది, తాగలేదు. కోడలి వైపు తిరిగింది. "పిచ్చుక ఏం తినాలో నువ్వు చెప్పమ్మా. నువ్వు చెప్పిందే వండుతాను. వండొద్దంటే వండను."